వరుసలో నిలిచినవాని న్యాయము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వలసచట్టములను సంస్కరింపవలెనను వివాదము నేటిది కాదు. కోటికి మించిన జనము అనుమతి పత్రములు లేకయే ఆ దేశమున నివసించుచు, పనులు చేసికొని బ్రతుకుచున్నారని అంచనాలు చెప్పుచున్నవి. వారిని వెళ్ళగొట్టవలయునని ఒక పక్షమును, మన్నించి పౌరులలో చేర్చుకొనవలయునని మరియొక పక్షమును వాదించుచున్నవి. ఈ రెండు పక్షముల కేకల నడుమ మూడవ గొంతు ఒకటి కలదు. అది చట్టము చెప్పినట్లు అర్జీ పెట్టుకొని, రుసుము చెల్లించి, పిలుపు వచ్చువరకు వేచియుండి ఆ దేశమున అడుగు పెట్టినవారి గొంతు. అందులో తెలుగు యాస మనకు స్పష్టముగానే వినిపించును. మన పాఠశాలలలో చదివి, మన కళాశాలలలో పట్టము పొంది, సముద్రము దాటిన వేలకొలది యువకుల మాట అది. కావున ఆ మాటలో న్యాయమెంత, పొరపాటెంత అని విచారించుట మన ఉపాధ్యాయులకును విద్యార్థులకును పరాయి పని కాదు.

మొదట వారి ఫిర్యాదును సరిగా వినవలయును. "మేము నియమమును పాటించితిమి. నియమమును మీరినవారికి మాకంటె ముందుగా మన్నన దొరకునేని, పాటించిన మాకు దక్కిన ఫలమేమి?" అని వారు అడుగుచున్నారు. తిరుమలలో ధర్మదర్శనపు వరుసలో రాత్రియంతయు నిలిచిన భక్తుడు, కంచె దూకి ముందునకు పోయినవానిని చూచి మండిపడుట సహజము. దానిని అసూయ యని కొట్టివేయరాదు. అది న్యాయబుద్ధియే.

ఆ వరుస ఎంత పొడవైనదో తెలిసినగాని ఈ కోపము మనకు అర్థము కాదు. 1990వ సంవత్సరపు చట్టము ఉద్యోగములను బట్టి ఇచ్చు శాశ్వతనివాస పత్రములకు, అనగా గ్రీన్ కార్డులకు, ఏటికి సుమారు 1,40,000 అని హద్దు పెట్టినది. భార్యాబిడ్డలును ఆ లెక్కలోనివారే. ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని అందులో 7 శాతమునకు మించి సాధారణముగా దక్కరాదని మరియొక నియమము. నూటనలుబది కోట్ల జనముగల భారతదేశమునకును, సుమారు నాలుగు లక్షల జనముగల ఐస్లాండునకును ఒకటే కొలత. తత్ఫలితముగా 2025 జులై నెలలో, ఉన్నతవిద్య గల ఉద్యోగుల తరగతియందు, 2013 జనవరి 1వ తేదీకి పూర్వము వరుసలో చేరిన భారతీయులకు మాత్రమే పిలుపు అందుచుండెను. అది పండ్రెండేండ్ల నిరీక్షణ. ఆ తరువాత చేరినవారి వంతు ఎన్నడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. ఈ లోపున హెచ్-1బి వీసాపై నున్నవాడు ఉద్యోగము పోయినచో సాధారణముగా 60 దినములలో వేరొక యజమానిని గాని, వేరొక అనుమతిని గాని సంపాదించుకొనవలయును. లేనిచో దేశము విడువవలయును. ఇల్లు కొన్నవాడైనను, బిడ్డలను బడిలో వేసినవాడైనను, వాని కాలిక్రింది నేల రెండు నెలలది మాత్రమే.

ఇంత కష్టపడినవాడు "వారును మావలె వరుసలో నిలువవచ్చును గదా" అని అడుగుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ ప్రశ్నలో పరీక్షింపని ఊహ ఒకటి దాగియున్నది. నిలువదలచినవారందరికిని వరుస ఒకటి కలదనుట ఆ ఊహ.

నిజమేమి? పెద్ద చదువు గాని, దీర్ఘకాలపు శిక్షణ గాని అక్కరలేని పనులు చేయువారికి శాశ్వతనివాస పత్రములు ప్రపంచ దేశములన్నింటికిని కలిపి ఏటికి 10,000కు మించరాదని చట్టము శాసించుచున్నది. కాలిఫోర్నియా తోటలలో ద్రాక్ష కోయువారు, ఇండ్లకు కప్పు వేయువారు, పాలశాలలలో పశువులను చూచువారు, వృద్ధులకు పరిచర్య చేయువారు అందరును ఆ పదివేలలోనే ఇముడవలయును. పంటకాలపు తాత్కాలిక వీసాలు కలవు గాని, అవి కోతలు ముగియగానే ఇంటికి పంపునవి. తోబుట్టువు పౌరుడైయున్న మెక్సికోవాసి ఆ బంధుత్వమును బట్టి అర్జీ పెట్టుకొన్నచో ఇరువది యేండ్లకు మించి వేచియుండవలయును. హైదరాబాదు ఇంజనీరునకు వరుస మిక్కిలి పొడవైనది. బంధుబలము లేని మెక్సికో కూలివానికి వరుస పేరునకు మాత్రమే కలదు. అయినను ఆ దేశపు పొలములలో జీతమునకు పంటపని చేయువారిలో ఇంచుమించు నూటికి నలుబదిమంది పత్రములు లేనివారే. వారు కోసిన పండునే చట్టబద్ధుడు సంతలో కొని తినుచున్నాడు.

ఈ స్థితి ఎట్లు వచ్చినది? రెండవ ప్రపంచయుద్ధకాలమున కూలీల కొరత యేర్పడగా, 1942లో అమెరికా, మెక్సికో ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని మెక్సికో రైతుకూలీలను రప్పించుట కారంభించినవి. 1964 వరకు సాగిన ఆ పద్ధతిలో సుమారు 46 లక్షల ఒప్పందములు జరిగినవి. తండ్రి పోయిన దారిని కొడుకు పోయెను. ఊరికి ఊరు ఆ దారికి అలవాటు పడెను. 1964లో ఒడంబడిక ముగిసినను, పంటలకు కూలీల అక్కర తీరలేదు. మరుసటి సంవత్సరమున, 1965లో, జాతులను బట్టి కోటాలు విధించిన పాత పద్ధతిని తొలగించు మహత్తరమైన చట్టము వచ్చెను. మన వైద్యులును ఇంజనీర్లును అమెరికాకు పోవుటకు తలుపు తెరచినది ఆ చట్టమే. అంతవరకు సంఖ్యాపరిమితి లేని పశ్చిమార్ధగోళపు దేశములకు ఏటికి 1,20,000 అని మొదటిసారిగా హద్దు గీచినదియు ఆ చట్టమే. మనవారికి తెరచిన చేయియే మెక్సికోవారికి తలుపు దగ్గరగా వేసినదన్నమాట. ఈ సంగతి మన ప్రవాసులలో ఎందరికి తెలియును?

యజమానుల సంగతి చూతము. 1952వ సంవత్సరపు చట్టము పత్రములు లేనివానికి ఆశ్రయమిచ్చుట నేరమని చెప్పెను. కాని వానిని పనిలో పెట్టుకొనుట ఆశ్రయమిచ్చుట క్రిందికి రాదని అందులోనే మినహాయింపు వ్రాసిరి. టెక్సాస్ భూస్వాముల కోరికపై చేర్చిన మినహాయింపు గనుక దానికి ఆ రాష్ట్రము పేరే నిలిచిపోయినది. ఒక ముప్పూట అన్నము పెట్టినవాడు నేరస్థుడు. పదిగంటల చాకిరి చేయించుకొన్నవాడు నిర్దోషి! 1986 వరకు ఇట్లే సాగెను. ఇక 1996లో వచ్చిన మరియొక చట్టము, సంవత్సరమునకు మించి అనుమతి లేక నివసించినవాడు దేశము విడిచిపోయినచో పదేండ్లవరకు తిరిగి రారాదని విధించెను. "వెనుకకు పోయి సక్రమముగా రమ్ము" అని చెప్పు చట్టమే, వెనుకకు పోయినవాని ముఖమున తలుపు వేయుచున్నది.

చట్టబద్ధత యనునది మనిషి నొసట వ్రాసిన వ్రాత కాదనుటకు మన చరిత్రయే సాక్ష్యము. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వమునకు అర్హులు కారని నిర్ణయించెను. థిండ్ మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశపు సైన్యములో పనిచేసినవాడు. అంతకు ముందే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వము ఆ తీర్పు వలన రద్దయ్యెను. 1895లో భీమవరమున జన్మించి, హార్వర్డులో పరిశోధన చేసి, ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ వంటి ఔషధములు లోకమునకు లభించుటకు మార్గదర్శియైన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూయువరకు అమెరికా పౌరుడు కాలేదు. ఆయన అక్కడ గడపిన కాలములో అధికభాగము భారతీయునకు ఆ అర్హతయే లేకుండెను. 1946లో చట్టము మారి అర్హత కలిగెను. ఏటికి నూరుగురు భారతీయులకు ప్రవేశము దొరికెను. ఆ నడుమ మారినది చట్టము గాని, భారతీయుని గుణము కాదు.

అంత వెనుకకు పోనక్కరలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణమున ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమను సంస్థపై అధికారులు దాడి చేసి మూయించిరి. అందు చేరిన పదునైదువందలకు పైబడిన విద్యార్థులలో అధికసంఖ్యాకులు భారతీయులు; వారిలోను ఎక్కువమంది ఆంధ్రదేశపు పిల్లలు. వీసాతో విమానమెక్కిన ఆ పిల్లల హోదా ఒక్క దినమున చెదరిపోయినది. కొందరి కాళ్ళకు జాడ తెలుపు పట్టీలు తగిలించిరి. సంస్థను నడిపిన ఆమెకు 2014లో 16 సంవత్సరముల కారాగారశిక్ష పడెను. 2019 జనవరిలో బయటపడిన మిచిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము మరింత విచిత్రము. అది వల పన్నుటకై అధికారులే సృష్టించిన బూటకపు విద్యాలయము. దానిలో చిక్కినవారిలోను తెలుగు విద్యార్థులు ఎందరో ఉండిరి. తెలిసి తప్పు చేసినవారు వారిలో లేరని నేననుట లేదు. చట్టబద్ధునకును చట్టవిరుద్ధునకును నడుమ ఉన్నది మహాసముద్రము కాదనియు, కాలు జారినచో దాటిపోవు చిన్న గట్టు మాత్రమే యనియు చెప్పుచున్నాను. పత్రములు లేనివారిలో చాలమంది సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చినవారు కారు. వీసాతో వచ్చి గడువు మీరి నిలిచిపోయినవారు.

అయినచో కూలి తగ్గునను వాదము మాటేమి? పత్రములు లేనివాడు తక్కువ కూలికి ఒప్పుకొనుట వలన పత్రములున్న కూలివానికి నష్టము కలుగుచున్నదను మాటను తేలికగా తీసివేయరాదు. కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటలలో 1965 సెప్టెంబరున ఫిలిప్పీను కార్మికులు సమ్మె ప్రారంభించిరి. సీజర్ చావెజ్ నాయకత్వమున మెక్సికో సంతతి కార్మికులు వారితో కలిసిరి. సమ్మెను విరుగగొట్టుటకు భూస్వాములు తెప్పించిన కూలీలలో పత్రములు లేనివారును ఉండిరి. ఆ కోపముతో చావెజ్ సంఘము 1974లో అట్టివారిని అధికారులకు పట్టియిచ్చు ఉద్యమమునకు కూడ పూనుకొనెను. తాను కార్మికుల పక్షమున నిలిచినవాడై యుండియు, నిరుపేద కార్మికునిపై ఫిర్యాదు చేయవలసి వచ్చెను! కాని అనుభవము వేరొక పాఠము నేర్పినది. పట్టియిచ్చిన కూలివాని చోటికి మరునాడే మరియొకడు వచ్చుచుండెను. భయపడు కూలివాడు ఉన్నంతకాలము భూస్వామి చేయి పైచేయిగానే యుండెను. తరువాతి దశాబ్దమున అదే సంఘము ఆ కూలీలకు చట్టబద్ధత నీయవలెనని కోరెను.

ఆ పాఠమునకు మరియొక నిదర్శనము 2002లో దొరికినది. సంఘము పెట్టుకొన ప్రయత్నించినందుకు అక్రమముగా తొలగింపబడినను, పత్రములు లేని కార్మికునకు పోయిన జీతము ఇప్పింప వీలులేదని సుప్రీంకోర్టు ఆ సంవత్సరమున తీర్పు చెప్పెను. అట్టివాని కూలి తెగ్గోసి, వానిని అడ్డుపెట్టి తక్కినవారి కూలి తగ్గించుట యజమానికి ఎంత సులభము! హెచ్-1బి ఉద్యోగి స్థితిని దీనితో పోల్చి చూడుడు. అతడు చదువుకొన్నవాడు, మంచి జీతము తెచ్చుకొనువాడు. అయినను శాశ్వతనివాసపు అర్జీ యజమాని పేర నడచుచున్నంతకాలము గట్టిగా మాటాడుటకు జంకును. ఒకనిని భయము కట్టివేసినది, మరియొకనిని అర్జీ కట్టివేసినది. రెండు త్రాళ్ళ కొసలును యజమాని చేతిలోనే యున్నవి. ఇది చూడక కూలివానిపై మండిపడుట అత్తమీది కోపము దుత్తమీద చూపుట యగును.

"మేము వేరు, వారు వేరు" అని చాటుకొన్నచో తమకు రక్షణ కలుగునని చట్టబద్ధులలో కొందరు తలంచుచున్నారు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు పత్రములు లేనివారి పిల్లలకు బడియు, పెద్దలకు సామాన్య వైద్యమును లేకుండ చేయు ప్రతిపాదనను నూటికి 59 ఓట్లతో నెగ్గించిరి. న్యాయస్థానము దానిని అడ్డగించెను. ఆ గాలి అక్కడ ఆగలేదు. రెండేండ్లలో, 1996లో, దేశపు కాంగ్రెసు చేసిన సహాయకార్యక్రమముల చట్టము గ్రీన్ కార్డు గల వృద్ధులకును పేదలకును కూడ ఆహారసహాయమును, వృద్ధాప్యపు భృతిని చాలవరకు తెగగొట్టెను. 2025 జనవరి 20వ తేదీ అధ్యక్షుని ఉత్తర్వు మరింత స్పష్టముగా మాటాడినది. తండ్రి పౌరుడు గాని శాశ్వతనివాసి గాని కానప్పుడు, తల్లి పత్రములు లేనిదైనను, తాత్కాలిక వీసాపై సక్రమముగా నున్నదైనను, ఆ బిడ్డకు పుట్టుకతో పౌరసత్వము లేదని అది శాసించెను. 2025లో న్యాయస్థానములు దానిని నిలుపుచేసినవి. కాని ఉత్తర్వు వ్రాసినవారి దృష్టిలో హెచ్-1బి తల్లియు, సరిహద్దు దాటిన తల్లియు ఒకే వాక్యమున చేరిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో కొత్త హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. వలసవానిపై ద్వేషము రేగినపుడు అది పత్రములు చూచి మనిషిని విడిచిపెట్టదు.

ఇక బలమైన ఆక్షేపణ ఒకటి మిగిలినది: ఒకసారి మన్నించినచో మరికొందరు వత్తురు గదా! 1986లో అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన చట్టము క్రింద సుమారు 27 లక్షలమంది చట్టబద్ధులైరి. ఆ తరువాత పత్రములు లేనివారి సంఖ్య పెరిగినమాటయు నిజమే. కాని కారణమేమి? ఆ చట్టము గతమును మన్నించెను గాని భవిష్యత్తునకు దారి వేయలేదు. రానున్న కూలీలకు సక్రమమైన వాకిలి పెట్టలేదు. తెలిసి పనిలో పెట్టుకొన్న యజమానికి శిక్ష యని వ్రాసిరి గాని, "తెలియదు" అని తప్పించుకొనుట అతనికి సులభమయ్యెను. చిల్లి పూడ్చక నీరు తోడిన పడవవలె అయినది. మన్నింపుతోపాటు వాకిలియు, యజమానిపై అదుపును ఉండవలయునని దీని తాత్పర్యము.

2013 జూనులో అమెరికా సెనేటు 68–32 ఓట్లతో అంగీకరించిన సంస్కరణ బిల్లు ఈ తాత్పర్యమునకు చాలవరకు దగ్గరగా నుండెను. పత్రములు లేనివారు అపరాధరుసుమును పన్నుబాకీలును చెల్లించి, పదేండ్లు వేచియుండి, అప్పటికే వరుసలో నున్నవారికి గ్రీన్ కార్డులు దక్కిన తరువాతనే తాము పొందవలయునని అది నియమించెను. ఉద్యోగపు గ్రీన్ కార్డులకు దేశమునకు 7 శాతమను హద్దును అదే బిల్లు తొలగించెను. అనగా మన ఇంజనీరు ఉపశమనమును, ద్రాక్ష కోయువాని ఉపశమనమును ఒకే కాగితముపై నుండెను. ప్రతినిధుల సభ దానిని చర్చకే తీసికొనలేదు. ఆ హద్దు ఒక్కటే తొలగించు బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గెను. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపమున అంగీకరించెను. రెండింటికి పొత్తు కుదురక అది గడువు తీరి పోయెను. మొత్తము సంఖ్యను పెంచక హద్దును మాత్రము తీసినచో ఇతర దేశములవారి నిరీక్షణ పెరుగునని చట్టబద్ధులలోనే పేచీ పుట్టినది. తమ బాధను మాత్రము విడదీసి తీర్చుకొందమనుకొన్నవారికిని ఫలము దక్కలేదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా ఎరుగదగిన అంశము పిల్లలది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్ రాష్ట్రపు వ్యాజ్యమున, పత్రములు లేని పిల్లలకును ప్రభుత్వ పాఠశాలలో ఉచితవిద్య నిరాకరింపరాదని 5–4 తీర్పు చెప్పెను. తల్లిదండ్రుల చేష్టకు బిడ్డను దండింపరాదను సామాన్యధర్మమే ఆ తీర్పునకు ప్రాణము. 2012 జూన్ 15న అధ్యక్షుడు ఒబామా ప్రభుత్వము, బాల్యమున తేబడి అక్కడనే చదువుకొన్న యువకులకు బహిష్కారమునుండి తాత్కాలిక రక్షణయు పని అనుమతియు కల్పించెను. కాని ఆ దినమున చట్టబద్ధమైన హోదా లేనివారికే అది వర్తించునని నియమము! హెచ్-1బి తండ్రితో అయిదవయేట పోయిన తెలుగు పిల్లవాడు అక్కడి బడిలోనే చదివి, ఆ దేశగీతమునే పాడి పెరుగును. తండ్రికి గ్రీన్ కార్డు రాకమునుపే 21 యేండ్లు నిండినచో వాని ఆధారపడు హోదా తెగిపోవును. సక్రమముగా వచ్చినవాడు గనుక 2012 నాటి రక్షణయు వానికి దొరకదు. పక్క బల్లమీద కూర్చున్న మెక్సికో పిల్లవాని దుఃఖమును వీని దుఃఖమును వేరుచేసి తూచగల ఉపాధ్యాయుడు ఎక్కడనైన ఉండునా?

కావున వరుసలో నిలిచినవాని న్యాయము ఇట్లుండవలయునని నా అభిప్రాయము. తన కంటె ముందు ఎవరును పోరాదని అతడు కోరుట ధర్మమే. ఆ కోరిక చట్టమున నిలిచి తీరవలయును. వరుస కదలవలయునని, యజమాని చేతి త్రాడు తెగవలయునని అడుగుటయు ధర్మమే. తన వెనుక ఎవరికిని వరుసయే ఉండరాదనుట మాత్రము ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యగును. పొలములో ఏండ్లతరబడి చెమటోడ్చి, నేరమేదియు ఎరుగక, బిడ్డలను పెంచుకొన్నవాడు రుసుము చెల్లించి చివర నిలిచెదనన్నచో వానికి చోటియ్యవలయును.

మన విద్యార్థులకు చెప్పవలసిన మాట ఒకటి కలదు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళతో ఎక్కించిన అమెరికా సైనికవిమానము అమృతసరస్సున దిగినది. దళారులకు లక్షలు పోసి అడవులు దాటినవారు వారిలో పెక్కుమంది. ఆ దారి పట్టవలదని మన పిల్లలను గట్టిగా హెచ్చరింపుడు. విద్యాలయము పేరు విని మోసపోక, దాని గుర్తింపును విచారించి చేరుడని చెప్పుడు. అదే నోటితో, ఆ విమానము దిగినవారిని చూచి నవ్వవలదని కూడ నేర్పుడు. వారిని ఊరు విడిపించినది మన పిల్లలను ఊరు విడిపించు ఆశయే.